ఆ ఒక్క ఫోన్ ఎందుకు చేయలేకపోతున్నావు?

నీ ఉత్తరం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఇదే అవస్థలో ఉన్న ఇంకొకరు చదివినా అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. ఊరు పొదిలి దగ్గర పల్లె. వయసు 24. ఒంగోలులో బీటెక్ పూర్తయి రెండేళ్లయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న సీనియర్ ఒకాయన "రెజ్యూమె పంపి ఒకసారి ఫోన్ చెయ్యి, మా కంపెనీలో మాట్లాడతాను" అన్నాడు. నాలుగు నెలలైంది, నువ్వు చేయలేదు. కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. రెండుసార్లు గేటు దాకా వెళ్లి, ఎదురుగా టీ కొట్టు దగ్గర గంట సేపు నిలబడి, మళ్లీ బస్సెక్కి ఇంటికొచ్చావు. ఇంట్లో అడిగితే "రేపు" అంటున్నావు. మీ నాయన "వీడికి ఒళ్లు బరువు" అంటున్నాడు. చివర్లో నన్ను అడిగింది ఒక్కటే: "నేను నిజంగానే బద్ధకస్తుణ్ణా మేడమ్?"

నా కొడుకు వయసు నీది, అందుకని నువ్వు అనే రాస్తాను. నెల్లూరులో 18 ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నెల్లూరు, ప్రకాశం జిల్లాల కాలేజీ పిల్లలే. నీ ప్రశ్న నాకు కొత్త కాదు.

నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "బ్యారన్ కాలేటప్పుడు రాత్రిళ్లు నేనే మేలుకుంటాను" అని రాశావు. పొగాకు బ్యారన్ అంటే, పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, మన జిల్లాలవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆకు పసుపు తిరిగేదాకా ఒక వేడి, ఆకు ఆరడానికి ఒక వేడి, ఈనె ఆరడానికి ఇంకో వేడి. రోజుల తరబడి, రాత్రీ పగలూ, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఒక్క రాత్రి ఆదమరిస్తే ఆకు రంగు పోతుంది, వేలంలో ధర పోతుంది. ఆ పని మీ నాయన నీకు అప్పజెప్పి తాను వెళ్లి పడుకుంటున్నాడంటే, నీ మీద ఆయనకు ఎంత నమ్మకమో ఆలోచించు. బద్ధకం ఉన్న మనిషికి ఎవరూ బ్యారన్ అప్పజెప్పరు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: బద్ధకం కాదు. మరి ఏమిటో తెలియాలంటే ఈ పూటే ఒక చిన్న పని చెయ్యి.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ ఏడాదిలో నువ్వు వాయిదా వేసిన పనులన్నీ రాయి. ఒక్కోదాని పక్కన, ఆ పని చివర ఎవరు కూర్చుని ఉన్నారో రాయి. సర్టిఫికెట్ల చివర కాలేజీ ఆఫీసు గుమస్తా. ఫోన్ చివర సీనియర్. రెజ్యూమె చివర దాన్ని చదివే హెచ్‌ఆర్. బ్యాంకులో కేవైసీ ఆగిపోయి ఉంటే దాని చివర కౌంటర్‌లో కూర్చునే ఆవిడ. షాపులో కొన్న చెప్పులు బిగుతైనా మార్చుకోకుండా అలాగే తొడుక్కుని తిరుగుతున్నావేమో, దాని చివర ఆ షాపతను. ఇప్పుడు కాగితం వెనకవైపు, వాయిదా వేయకుండా చేస్తున్న పనులు రాయి. బ్యారన్, పొలం, ఇంట్లో మోటారు రిపేరు, రాత్రిపూట కూర్చుని నేర్చుకుంటున్న కోడింగ్. వాటి చివర ఎవరూ ఉండరు, లేదా నీకు అలవాటైన ఇంటివాళ్లే ఉంటారు.

నాకు తెలిసి నీ కాగితం ఇలాగే వస్తుంది. నువ్వు వాయిదా వేస్తున్నది ఆ పని చివర ఉన్న మనిషి ముఖాన్ని. ఆ ముఖం నిన్ను చూసి ఏమనుకుంటుందో అన్న భయాన్ని. దీన్నే సోషల్ యాంగ్జైటీ అంటారు. కొత్తగా పుట్టిన మాట కాదు, 1980 నుంచి అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలో సోషల్ ఫోబియా పేరుతో ఉంది. చాలామందిలో ఇది హైస్కూలు వయసులోనే మొదలవుతుంది. అందుకే "చిన్నప్పటి నుంచీ నా స్వభావమే ఇంత" అనుకుని సరిపెట్టుకుంటారు.

కాగితం వేరే రకంగా వస్తే, అంటే మనుషులతో సంబంధం లేని పనులు కూడా ఆగిపోయి, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకుండా, నిద్రా తిండీ తేడాగా ఉంటే, అది డిప్రెషన్ కావచ్చు. చిన్నప్పటి నుంచీ ఏ పనిలోనూ ధ్యాస నిలవకపోతే కారణం ఇంకోటి కావచ్చు. అప్పుడు నేను కింద రాసేదానికంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక ఇది ఎలా పనిచేస్తుందో చూడు. ఫోన్ చేతిలోకి తీసుకుంటావు. సీనియర్ పేరు తెర మీద కనబడుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోతుంది. "ఇప్పుడు ఆఫీసులో బిజీగా ఉంటాడులే, రేపు చేద్దాం" అనుకుంటావు. అనుకున్న క్షణంలోనే ఒళ్లంతా తేలిక పడుతుంది. ఆ తేలికను బాగా గమనించు. వాయిదా వేసినందుకు మనసు నీకు ఇచ్చే కూలి అది, అప్పటికప్పుడు చేతిలో పెట్టే కూలి. ఏ పనికి వెంటనే కూలి దొరుకుతుందో ఆ పనే మనసు మళ్లీ మళ్లీ చేస్తుంది. ఫ్యూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో రాసిన వ్యాసంలో ఇదే చెప్పారు: వాయిదా వేయడం టైమ్ సరిగ్గా వాడుకోలేకపోవడం వల్ల వచ్చే సమస్య కాదు, అప్పటి చెడు మూడ్‌ని వెంటనే బాగు చేసుకునే ప్రయత్నం. అందుకే టైమ్‌టేబుళ్లు వేసుకున్నా, పొద్దున్నే లేచినా, మోటివేషన్ వీడియోలు చూసినా నీకు పని జరగలేదు. ఆ మందులు వేరే జబ్బువి.

ఈ కూలి ఊరికే రాదు. సంతలో చిరు వ్యాపారులు తీసుకునే రోజు వడ్డీ అప్పులాంటిది. ఇవాళ చేతికి డబ్బు వస్తుంది, రేపటి నుంచి వడ్డీ మొదలవుతుంది. నీ విషయంలో ఆ వడ్డీ ఏమిటంటే, ఆలస్యం. మొదటి వారం నీకు ఉన్నది ఒక్క భయమే: "సీనియర్‌తో ఏం మాట్లాడాలి?" నెల తర్వాత రెండు భయాలు: "ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదంటే ఏం చెప్పాలి?" నాలుగు నెలల తర్వాత మొదటి భయం దాదాపు మాయమైపోయింది, రెండోదే కొండంత అయింది. సర్టిఫికెట్ల సంగతీ అంతే. రెండేళ్ల కిందట వెళ్లి ఉంటే సంతకం పెట్టి తెచ్చుకునే పని. ఇప్పుడు "రెండేళ్లు ఏం గాడిదలు కాశావు" అంటారేమోనని గేటు దాటలేకపోతున్నావు. భయం వల్ల ఆలస్యం, ఆలస్యం వల్ల సిగ్గు, సిగ్గు వల్ల ఇంకా ఆలస్యం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ రెండో ముడి దగ్గరే చిక్కుకుని ఉంటారు. కానీ చెప్పేటప్పుడు మొదటి ముడి గురించే చెబుతారు, ఎందుకంటే రెండోది బయటికి చెప్పుకోవడానికే సిగ్గు. నువ్వు చెప్పావు. సగం పని అక్కడే అయింది.

ఇది నేను పుస్తకంలో చదివి మాత్రమే చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సెలవు బిల్లు మీద పైఅధికారి సంతకం కావాల్సి వచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన తలెత్తకుండానే "తర్వాత రా" అన్నాడు. అంతే, నేను మళ్లీ ఆ గది వైపు వెళ్లలేదు. ఆ కాగితం నా హ్యాండ్‌బ్యాగులో పదకొండు నెలలు తిరిగింది. మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ డబ్బు మాకు అవసరమైన రోజులవి. చివరికి ఆయన బదిలీ అయ్యాక, కొత్తగా వచ్చినావిడ దగ్గరికి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో సంతకం పెట్టింది. ఆ పదకొండు నెలల్లో ఆ గది ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నా కడుపులో ఏం జరిగేదో ఇప్పటికీ గుర్తుంది. అందుకే టీ కొట్టు దగ్గర గంట సేపు నిలబడ్డ నిన్ను చూస్తే నాకు కోపం రాదు.

ఆ గంటలో నీ తలలో ఏం జరిగిందో నేను చెప్పనా? గుమస్తా ఎలా ఉంటాడో నువ్వు చూడలేదు. నిన్ను నువ్వే చూసుకున్నావు. బయటి నుంచి ఎవరో ఫోటో తీసినట్టు, చెమట పట్టిన ముఖంతో, మాట తడబడుతూ, కౌంటర్ ముందు నిలబడ్డ నిన్ను. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు 1995లో సోషల్ యాంగ్జైటీ ఎలా నడుస్తుందో వివరించినప్పుడు దీన్నే గుండెకాయగా పెట్టారు. ఎదుటి మనిషి మీద ఉండాల్సిన ధ్యాస లోపలికి తిరుగుతుంది. లోపల గుండె దడదడ వినబడుతుంది కాబట్టి బయటివాళ్లకూ వినబడుతోందనిపిస్తుంది. లోపల వణుకు తెలుస్తుంది కాబట్టి అందరికీ కనబడుతోందనిపిస్తుంది. నిజానికి ఎదుటివాళ్లకు అందులో కనబడేది చాలా తక్కువ.

దీని మీద 2000లో థామస్ గిలోవిచ్ బృందం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం ఉంది. కాలేజీ విద్యార్థులకు, వేసుకుంటే సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటివాళ్లు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికి వచ్చాక "ఎంతమంది గమనించి ఉంటారు?" అని అడిగితే "దాదాపు సగం మంది" అన్నారు. నిజానికి గమనించింది సుమారు నాలుగో వంతు మందే. మన ఇళ్లలో "నలుగురూ ఏమనుకుంటారో" అని పెంచుతారు కదా. ఆ నలుగురిలో ముగ్గురు అసలు మనవైపు చూడరన్నమాట.

ఒక మాట మాత్రం నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈ భయమంతా నీ ఊహే అని నేను అనను. పల్లె నుంచి వచ్చిన పిల్లలను ఆఫీసుల్లో విసుక్కునేవాళ్లు ఉన్నారు. మాట యాసను చూసి, చెప్పులను చూసి, ఇంకా చెప్పాలంటే ఇంటిపేరును చూసి కసురుకునేవాళ్లూ ఉన్నారు. ఎనిమిదో తరగతిలో చదవడం తడబడిందని ఒక టీచరు నిన్ను పీరియడ్ అంతా నిలబెట్టారని రాశావు. అది నిజంగా జరిగింది, నిజంగా తప్పు. నీ మనసు అప్పుడు నేర్చుకున్న పాఠాన్ని ఇప్పుడు ప్రతి కౌంటర్ ముందూ అప్పజెబుతోంది. ఆ పాఠం పక్కన కొత్త పాఠాలు రాయాలి. కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే అవి రావు, మనుషుల ముందు నిలబడితేనే వస్తాయి.

నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో మొహర్రం నాళ్లలో రొట్టెల పండగ జరుగుతుంది. నువ్వు వచ్చి ఉంటావో లేదో. జనం చెరువు నీళ్లలో దిగి నిలబడతారు. కోరిక తీరినవాళ్లు రొట్టె పట్టుకుని ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అడిగి తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె. మతం అడ్డు లేదు, ఊరు అడ్డు లేదు. కొన్నేళ్ల కిందట కావలి వైపు నుంచి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చేది. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్లకు తిరిగి ఫోన్ చేయలేక మూడు అవకాశాలు పోగొట్టుకుంది. ఆ ఏడాది వాళ్లమ్మ బలవంతం మీద పండగకి వెళ్లింది. తర్వాతి వారం వచ్చి ఏం చెప్పిందంటే, "మేడమ్, మోకాలి లోతు నీళ్లలో నిలబడి 'ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుంది' అని గట్టిగా అరిచాను. ఎప్పుడూ చూడని ఒకావిడ నా చేతిలో పెట్టింది. అప్పుడు నాకు భయమే గుర్తు రాలేదు."

ఎందుకు గుర్తు రాలేదు అని ఇద్దరం కూర్చుని ఆలోచించాం. అక్కడ అందరూ అడగడానికే వచ్చారు. అడగడంలో తక్కువతనం లేదు. ఇచ్చే ఆవిడ కూడా ఒకప్పుడు అదే నీళ్లలో నిలబడి అడిగినావిడే. ఆ అమ్మాయి ధ్యాసంతా రొట్టె మీద ఉంది, తన గొంతు మీద లేదు. నీ సీనియర్ సంగతి ఆలోచించు. ఆయన కూడా ఒకరోజు ఎవరికో ఫోన్ చేసి "అన్నా, ఏమన్నా ఉంటే చూడన్నా" అని అడిగే ఆ ఉద్యోగంలో చేరి ఉంటాడు. ఆయన చేతిలో ఇప్పుడు రొట్టె ఉంది. తానే పిలిచాడు కూడా. కౌంటర్ అవతల ఉన్న గుమస్తాకి కూడా, నువ్వు వెళ్లి అడగడం ఆయన రోజువారీ పనిలో భాగం, నువ్వేమీ ఆయన ఇంటి తలుపు తట్టడం లేదు.

ఇప్పుడు ఏం చేయాలో. నేరుగా కాలేజీ ఆఫీసుకి వెళ్లమని నేను చెప్పను. రెండుసార్లు వెనక్కి వచ్చినవాడికి మూడోసారి అదే చెబితే అది సలహా కాదు. చిన్న వాటితో మొదలుపెట్టు. ఒంగోలులో షేర్ ఆటో ఎక్కినప్పుడు నీ స్టాపు రాగానే "అన్నా, ఇక్కడ ఆపు" అని అనగలుగుతావా, లేక ఇంకెవరో దిగేదాకా కూర్చుని వెనక్కి నడుచుకుంటూ వస్తావా? నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఈ సంగతి ఒప్పుకోని వాళ్లు తక్కువ. అదే నీ మొదటి మెట్టు. ఆటోలో అందరికీ వినబడేలా, ఎవరూ దిగని చోట, ఆపమని అడుగు. తర్వాత టీ కొట్టులో గ్లాసు చేతికి వచ్చాక "కొంచెం చక్కెర వెయ్యన్నా" అని వెనక్కి ఇవ్వు. బస్టాండు ఎంక్వయిరీలో కనిగిరి బస్సు ఎన్నింటికో అడుగు, విన్నాక అర్థం కానట్టు మళ్లీ ఒకసారి అడుగు. బట్టల షాపులో రెండు చొక్కాలు చూసి, ధర అడిగి, "వద్దులేన్నా" అని కొనకుండా బయటికి రా. ఇది అన్నిటికంటే కష్టం అంటారు పిల్లలు. తర్వాత ఫోన్లు. ఏదైనా కంప్యూటర్ సెంటర్‌కి ఫోన్ చేసి ఫీజు ఎంతో కనుక్కో. ఒక్కో మెట్టు మీద మూడు నాలుగుసార్లు నిలబడు, ఒక్కసారికే పైకి దూకొద్దు.

ప్రతిదానికీ ముందూ వెనకా ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయాలి. ఇది మాత్రం మానొద్దు, ఎందుకంటే మందు ఇందులోనే ఉంది. ముందు: ఏం జరుగుతుందని భయపడుతున్నావో, అది జరుగుతుందని నూటికి ఎంత నమ్మకమో. వెనక: అసలేం జరిగిందో, కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే. ఒక అబ్బాయి నోట్‌బుక్ నుంచి, వాడి అనుమతితో, ఒక పేజీ చెబుతాను. ముందు రాసింది: "లేటుగా వచ్చినందుకు ఆఫీసులో అందరి ముందూ అరుస్తారు. నూటికి 90." వెనక రాసింది: "హాల్‌టికెట్ నంబరు అడిగారు. చెప్పాను. మొదటిసారి గొంతు రాలేదు, మళ్లీ చెప్పాను. రెండు గంటల తర్వాత రమ్మన్నారు. ఆయన నా ముఖం చూడలేదు, రిజిస్టరే చూశారు. పక్కన నిలబడ్డ ఇద్దరూ ఫోన్ చూసుకుంటున్నారు." ఆ చివరి వాక్యం దగ్గర వాడు చాలాసేపు ఆగాడు. అది చూడగలిగాడంటే, ఆ నిమిషం వాడి ధ్యాస తన మీద నుంచి బయటికి వచ్చిందన్నమాట.

అయితే ఊతకర్రలు పట్టుకుని ఎక్కితే మెట్లు పనిచేయవు. ఊతకర్రలంటే, బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లి వాడితో మాట్లాడించడం. చెప్పాల్సిన వాక్యాన్ని ముప్పైసార్లు బట్టీ పట్టడం. ఫోన్ చేయాల్సిన చోట వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోవడం. మధ్యాహ్నం భోజనం వేళ చూసి, అవతల ఎత్తకూడదని దండం పెట్టుకుంటూ రింగ్ ఇచ్చి, "చేశాను, ఎత్తలేదు" అని ఇంట్లో చెప్పడం. వీటితో పని జరిగినా భయం తగ్గదు, ఎందుకంటే "ఊతకర్ర ఉంది కాబట్టి బతికిపోయాను" అనుకుంటుంది మనసు. ధైర్యం కోసం కొంచెం మందు తాగి మాట్లాడే కుర్రాళ్లను కూడా చూశాను. దాని జోలికి మాత్రం అసలు వెళ్లకు. భయం అలాగే ఉంటుంది, తాగుడు అదనంగా వచ్చి చేరుతుంది.

ఇక ఆ ఫోన్. దాన్ని రోజులో మొదటి పనిగా పెట్టుకో. సాయంత్రానికి పెట్టుకుంటే పొద్దుటి నుంచీ మనసు దాన్నే నములుతుంది. "రేపు చేస్తాను" అనే నిర్ణయం కాదు, "పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టగానే నంబరు నొక్కుతాను" అనే నిర్ణయం చేసుకో. ఇది జరిగితే వెంటనే ఇది చేస్తాను అని ముడిపెట్టుకున్న పనులు జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో పరిశోధనలన్నీ కూర్చి చూపించాడు. మాటల కోసం వెతకొద్దు. ఇంతే చాలు: "అన్నా, పొదిలి నుంచి, మీ జూనియర్‌ని. నాలుగు నెలల కిందట ఫోన్ చెయ్యమన్నారు. చేయడం చాలా ఆలస్యమైంది, సారీ అన్నా. రెజ్యూమె ఇప్పుడు పంపనా?"

ఒళ్లు బాగాలేదనో, నంబరు పోయిందనో చెప్పొద్దు. అబద్ధం చెబితే రేపటి నుంచి దాన్ని కూడా దాచుకోవాలి, దాని కోసం ఇంకో నాలుగు నెలలు తప్పించుకు తిరగాలి. ఆలస్యానికి ఒక్క సారీ చాలు. నాలుగుసార్లు సారీలు చెబితే అవతలి మనిషి నిన్ను ఓదార్చే పనిలో పడతాడు, అసలు సంగతి పక్కకి పోతుంది. చెప్పాక ఆగు. అవతల మౌనం రెండు సెకన్లు ఉంటే రెండు గంటల్లా ఉంటుంది, దాన్ని నింపడానికి ప్రయత్నించకు. ధ్యాస నీ గొంతు మీదికి పోతుంటే ఆయన వెనక ఏం శబ్దం వినబడుతోందో విను, ట్రాఫిక్కా, ఆఫీసా, ఫ్యానా.

ఆయన "ఇప్పుడు ఖాళీలు లేవు తమ్ముడూ" అనవచ్చు. నాలుగు నెలలు కదా, అది జరగొచ్చు. అప్పుడు "సరే అన్నా, మళ్లీ ఉంటే చెప్పండి" అని పెట్టెయ్యి. ఉద్యోగం రాకపోయినా ఆ ఫోన్ నీకు ఉపయోగపడుతుంది. నాలుగు నెలలుగా నీ ఛాతీ మీద కూర్చున్న బరువు దిగిపోతుంది. ఇంకో సీనియర్‌కి ఫోన్ చేయడం ఇంత కష్టంగా ఉండదు.

కాలేజీలో నిజంగానే తిడితే? ఒకసారి తిట్టారు. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయినే. "ఇన్నాళ్లూ నిద్రపోయావా?" అని క్యూలో అందరి ముందూ అన్నారు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవునండీ, ఆలస్యమైంది. ఇప్పుడు ఏం కాగితాలు ఇవ్వాలండీ?" అని అడిగింది. ఆయన ఇంకో మాట గొణిగి, ఫారం చేతిలో పెట్టాడు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. ఆ పిల్ల రెండేళ్లుగా ఆ నిమిషానికి భయపడింది. నా దగ్గర కూర్చుని "ఇంతేనా మేడమ్" అని ఏడ్చింది. ఆ ఏడుపులో బాధ కంటే పోయిన రెండేళ్ల మీద దిగులే ఎక్కువ. భయపడ్డది జరగకపోవడం ఒక పాఠం, జరిగినా బతికి బయటపడటం అంతకంటే గట్టి పాఠం.

రాత్రి పడుకున్నాక ఆ మాటలన్నీ మళ్లీ రీలులా తిరుగుతాయి. "అక్కడ అలా అనకుండా ఉండాల్సింది" అని. ఇది కూడా ఈ భయంలో భాగమే. నోట్‌బుక్‌లో ఒకసారి రాశావు కదా, ఇక అయిపోయింది. రీలు మొదలవగానే లేచి బ్యారన్ చూసి రా.

పోయిన నాలుగు నెలల గురించి నిన్ను నువ్వు తిట్టుకోవడం కూడా మానాలి. ఇది ఊరడింపు కోసం అనడం లేదు. కెనడాలో కార్ల్టన్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థుల మీద జరిగిన పరిశోధన 2010లో అచ్చయింది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు, రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటే ఆ పని తలుచుకోవడమే బాధ అవుతుంది, బాధైతే మళ్లీ తప్పించుకుంటాం.

ఇంగ్లిష్ సంగతి రాశావు. తెలుగు మీడియంలో చదివి, హెచ్‌ఆర్ ఫోన్ అంటేనే వణుకు వస్తోందని. ఇందులో రెండు ఉన్నాయి, విడదీసి చూడు. భాష రాకపోవడం ఒకటి, అది నేర్చుకుంటే వస్తుంది, నువ్వు కోడింగ్ నేర్చుకున్నట్టే. రాదని తెలిసిపోతుందేమోనన్న సిగ్గు ఇంకోటి. దాన్ని ముందే బయట పెట్టెయ్యి. "తెలుగు మీడియంలో చదివానండీ, కొంచెం నిదానంగా మాట్లాడతాను" అని ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం నేర్చుకుని మొదట్లోనే చెప్పు. దాచాల్సింది ఏమీ లేకపోతే భయానికి పని తగ్గుతుంది.

మీ నాయనకు ఇది చదివి వినిపించు, లేదా మీ అమ్మ చేత చదివించు. ఆయన రెండు పనులు మానాలి. ఒకటి, బద్ధకం అనడం. రెండోది ఇంకా ముఖ్యం, విసుగొచ్చి "ఇటివ్వు, నేనే మాట్లాడతా" అని ఫోన్ లాక్కోవడం. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ ఆయన మాట్లాడిన ప్రతి ఫోనూ, నువ్వు మాట్లాడలేవని నీకు చెప్పే సాక్ష్యం అవుతుంది. పక్కన కూర్చుంటే చాలు. అయ్యాక "ఏమన్నాడు?" అని కాకుండా "చేశావా?" అని అడిగితే చాలు.

ఈ మెట్లు రెండు మూడు నెలలు నిజంగా ఎక్కినా కదలిక లేకపోతే, లేదా మనుషుల మధ్యకు వెళ్లాలంటేనే ఊపిరి అందనట్టు ఉంటే, సైకాలజిస్ట్‌నో సైకియాట్రిస్ట్‌నో కలువు. నేను పైన చెప్పినదంతా కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే పద్ధతిలోదే. ఎదురుగా మనిషి ఉండి చేయిస్తే ఇంకా బాగా సాగుతుంది. అవసరమైతే డాక్టరు మందులు కూడా రాస్తారు. అవి పనిచేయడం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరుకు చెప్పకుండా మధ్యలో ఆపకూడదు. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. అక్కడికి వెళ్లడం కూడా ఒక మనిషి ముందు నిలబడటమే కదా అని నువ్వు వాయిదా వేస్తావని నాకు తెలుసు. అందుకే ఇంకో దారి చెబుతాను. 14416 అనేది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు, మనసు బాగాలేనివాళ్లకు ఫోన్‌లోనే సాయం చేస్తారు. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఎప్పుడైనా చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం మెట్లూ నోట్‌బుక్కూ పక్కన పెట్టి, అదే నిమిషంలో ఈ నంబరుకు ఫోన్ చెయ్యి, ఇంట్లో ఒకరిని లేపి చెప్పు.

ఈ వారం షేర్ ఆటోతో మొదలుపెట్టు. ఫోన్‌కి ఒక తేదీ నువ్వే వేసుకుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాయి. ఆ రోజు పొద్దున, టీ గ్లాసు కింద పెట్టకముందే, ఏం జరుగుతుందనుకుంటున్నావో నూటికి ఎంతో రాసి పెట్టు. మాట్లాడాక రెండో గడి నింపి నాకు పంపు. ఆయన ఎత్తకపోయినా పంపు, కసురుకున్నా పంపు.